నలుగురికే చోటున్న కోర్టులో క్లబ్బు నడపడం

రాకెట్‌బాల్ అంటే మూసిన గదిలో రాకెట్‌తో రబ్బరు బంతిని ముందు గోడకు కొడుతూ, మిగిలిన గోడలనూ పైకప్పునూ వాడుకుంటూ ఆడే ఆట. దాని కోర్టు పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు, ఎత్తు 20 అడుగులు. ఆ నాలుగు గోడల మధ్య ఇద్దరు ఆడవచ్చు, ముగ్గురు ఆడవచ్చు, డబుల్స్ అయితే నలుగురు ఆడవచ్చు. అంతకు మించి ఒక్కరికి కూడా చోటు లేదు. విశ్వవిద్యాలయంలో ఈ ఆటకు క్లబ్బు పెట్టాలనుకునేవారు అన్నిటికంటే ముందు ఆలోచించవలసింది ఈ కొలతల గురించేనని నా గట్టి నమ్మకం. ఫుట్‌బాల్ మైదానానికి పాతికమంది వస్తే పాతికమందీ ఏదో ఒక మూల బంతి తన్నుకుంటూ ఉంటారు. రాకెట్‌బాల్‌కు పాతికమంది వచ్చి, ఉన్నది ఒకే కోర్టు అయితే, ఇరవై ఒక్కమంది తలుపు బయట నిలబడతారు. లోపల ఆడుతున్న నలుగురి కోసం క్లబ్బు అక్కరలేదు, వాళ్ళు ఎలాగైనా ఆడుకుంటారు. బయట నిలబడినవారు వచ్చే వారం కూడా రావాలి, అందుకే క్లబ్బు కావాలి. మా విశ్వవిద్యాలయంలో క్లబ్బు పెట్టిన బృందంలో నేనూ ఒకడిని కనుక, ఆ పని ఎలా చేయవచ్చునో నాకు తెలిసినంత మేరకు వివరంగా రాస్తున్నాను.

ఈ ఆట పుట్టిందే అప్పటికి ఉన్న కోర్టులను వాడుకోవడం వల్ల. 1950లో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో, గ్రీనిచ్ పట్టణపు వైఎంసీఏలో, జో సోబెక్ అనే ఆటగాడు పొట్టి పిడి ఉన్న, తీగలు బిగించిన రాకెట్‌ను రూపొందించి, చేత్తో బంతిని గోడకు కొట్టి ఆడే అమెరికన్ హ్యాండ్‌బాల్ కోర్టులో ఆడడం మొదలుపెట్టాడు. హ్యాండ్‌బాల్ కోర్టు కొలతలే నేటికీ రాకెట్‌బాల్ కొలతలు. కొత్తగా గోడలు కట్టే ఖర్చు లేకపోవడంతో ఈ ఆట వైఎంసీఏలలోనూ విశ్వవిద్యాలయాల వ్యాయామశాలలలోనూ త్వరగా పాకింది, 1970లలో అమెరికాలో పెద్ద ఊపు అందుకుంది. ఆ ఊపు తగ్గిన తర్వాత అవే కోర్టులను చాలాచోట్ల బరువులు ఎత్తే గదులుగానో, యోగా గదులుగానో, సామాన్లు పడేసే గదులుగానో మార్చేశారు. మీ విశ్వవిద్యాలయంలో కోర్టు ఇంకా కోర్టుగానే ఉంటే అది అదృష్టమే. అయితే ఆ అదృష్టం ఎంతకాలం ఉంటుందో బుకింగ్ పుస్తకం చెబుతుంది. వ్యాయామశాల అధికారి దృష్టిలో ఖాళీగా కనిపించే కోర్టు అంటే వేరే పనికి దొరికే గది. అందుచేత క్లబ్బు కోసం మొట్టమొదట చేయవలసిన పని సభ్యులను వెతకడం కాదు. వారంలో ఒక సాయంత్రం, కనీసం రెండు గంటలు, ప్రతి వారమూ అదే వేళకు కోర్టు మన పేరున రాయించుకోవాలి. రోజు మారుతూ ఉండే క్లబ్బుకు విద్యార్థులు రారు. పాఠాల వేళల నడుమ వాళ్ళు గుర్తుపెట్టుకోగలిగేది ఒకే రోజు, ఒకే సమయం.

కోర్టును ఒకసారి ఖాళీగా ఉన్నప్పుడు లోపలికి వెళ్ళి పరీక్షించాలి. చెక్క నేల ఎక్కడైనా ఉబ్బిందా, గోడ పలకల అతుకుల దగ్గర బంతి వంకరగా తిరుగుతోందా, పైకప్పు దీపాలలో ఆరిపోయినవి ఎన్ని, తలుపు గోడతో సమంగా మూసుకుంటోందా అన్నవి చూడాలి. తలుపు పిడి గోడలోకి మడుచుకునే రకం కాకపోతే ఎవరికైనా దెబ్బ తగులుతుంది. సర్వీస్ గీతలు చెరిగిపోయి ఉంటే వాటిని మళ్ళీ వేయించమని లిఖితపూర్వకంగా అడగడం మంచిది. ముందు గోడకు 15 అడుగుల దూరంలో సర్వీస్ గీత, 20 అడుగుల దూరంలో షార్ట్ లైన్ ఉంటాయి. దాని వెనుక మరో 5 అడుగులకు, సర్వ్ అందుకునేవారి కోసం తునకలు తునకలుగా గీసిన గీత ఉంటుంది. ఈ మూడూ స్పష్టంగా లేకపోతే కొత్తవారికి సర్వ్ నేర్పడం సాధ్యం కాదు. వెనుక గోడ గాజుదైన కోర్టు ఒక్కటైనా ఉంటే దానినే అడిగి తీసుకోవాలి. మూసిన గోడల కోర్టులో ఎంత గొప్ప ఆట జరిగినా దారిన పోయేవారికి చప్పుడు తప్ప మరేమీ తెలియదు. గాజు గోడ ఉంటే నడిచి వెళ్ళేవారు ఆగుతారు, ఆగినవారిలో కొందరు అడుగుతారు. ఏ పోస్టరూ తీసుకురాలేనంతమంది సభ్యులను మాకు ఆ గాజు గోడ తెచ్చిపెట్టింది.

కొన్ని విశ్వవిద్యాలయాలలో స్క్వాష్ కోర్టులు మాత్రమే ఉంటాయి. స్క్వాష్ కోర్టు 32 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉంటుంది; ముందు గోడ అడుగున టిన్ అనే పట్టీ ఉంటుంది, బంతి దానికి తగిలితే దెబ్బ చెల్లదు; పైకప్పు ఆటలో భాగం కాదు. అందులో రాకెట్‌బాల్ ఆడితే ఈ ఆటకు ప్రాణమైన రెండు దెబ్బలు, అంటే నేలకు ఆనుకుని చచ్చిపోయే కిల్ షాట్, పైకప్పును తాకి వెనక్కి పోయే సీలింగ్ షాట్, రెండూ పోతాయి. అటువంటి చోట బ్రిటన్‌లో పెరిగిన సోదర క్రీడను, 2016 నుంచి స్క్వాష్ 57 అని పిలుస్తున్నదానిని ఎంచుకోవడం మేలు. అది స్క్వాష్ కోర్టు కోసమే తీర్చిదిద్దిన ఆట.

విశ్వవిద్యాలయపు గుర్తింపు సంపాదించే వ్యవహారం గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే అది అన్నిచోట్లా దాదాపు ఒకే తీరుగా సాగుతుంది. ఒక నియమావళి, కొన్ని సంతకాలు, అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, అధ్యాపకులలో ఒక సలహాదారు. సలహాదారుగా పేరున్నవారిని కాక, ఆ ఆట ఆడేవారిని వెతకండి. రాకెట్‌బాల్ వెలిగిన రోజులలో నేర్చుకున్న అధ్యాపకులు, సిబ్బంది చాలా విశ్వవిద్యాలయాలలో ఇంకా ఉన్నారు. వాళ్ళు మధ్యాహ్న విరామంలో నిశ్శబ్దంగా వచ్చి ఆడిపోతుంటారు. వాళ్ళను క్లబ్బులోకి తీసుకువస్తే సంతకం పెట్టే సలహాదారుతో పాటు చేయిపట్టి నేర్పే గురువు కూడా దొరుకుతారు. నియమావళిలో మాత్రం ఒక వాక్యం తప్పనిసరిగా ఉండాలి: కంటి రక్షణ అద్దాలు లేకుండా ఎవరూ, ఎంత అనుభవం ఉన్నవారైనా, క్లబ్బు సమయంలో కోర్టులోకి అడుగు పెట్టకూడదు.

ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. రాకెట్‌బాల్ బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు, బరువు సుమారు 40 గ్రాములు. మెత్తని రబ్బరు కదా అనిపిస్తుంది కానీ, గట్టి పోటీ ఆటగాడు కొట్టినప్పుడు అది గంటకు 200 కిలోమీటర్ల వేగాన్ని దాటుతుంది, తగిలినచోట నొక్కుకుపోయి కంటి గుంతలోకి చొరబడగలదు. ఈ కారణంగానే అద్దం లేకుండా చట్రం మాత్రమే ఉన్న పాతకాలపు రక్షణలు పనికిరావు. రోజూ పెట్టుకునే కళ్ళజోడు పగిలి మరింత కీడు చేస్తుంది. పాలీకార్బొనేట్ అద్దాలతో, వస్తువుల నాణ్యతా ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ రాకెట్ క్రీడలకు నిర్ణయించిన ప్రమాణానికి తగినట్లు తయారైనవే తీసుకోవాలి. అద్దాలకు ఆవిరి పట్టి కనిపించడం లేదని మొదటి నెలలో అందరూ వాటిని నుదుటి మీదికి నెడతారు. అప్పుడు ఆట ఆపించి, తుడుచుకునేందుకు గుడ్డ ఇచ్చి, మళ్ళీ కిందికి దించాకే సర్వ్ చేయనివ్వాలి. మణికట్టుకు కట్టుకునే తాడు విషయం కూడా ఇంతే. నిబంధనల ప్రకారం రాకెట్ పొడవు 22 అంగుళాలకు మించదు. కాని చెమట చేతిలోంచి జారి ఎగిరిన రాకెట్ ఆ చిన్న గదిలో ఎవరిని తాకుతుందో చెప్పలేము.

క్లబ్బు డబ్బుతో కొనవలసిన వాటిలో మొదటిది ఈ అద్దాలు, తర్వాత బంతులు, ఆ తర్వాతే రాకెట్లు. కొత్తగా వచ్చినవారు తమ సొంత రాకెట్ కొనుక్కోవడానికి కొంతకాలం పడుతుంది. అప్పటిదాకా అరువు ఇవ్వడానికి క్లబ్బు దగ్గర కొన్ని ఉండాలి. తక్కువ బరువు రాకెట్లు చూడడానికి ఆకర్షణీయంగా ఉంటాయి కానీ, ఊపులో వేగం ఇంకా రాని చేతికి కాస్త బరువున్న రాకెట్టే బంతిని ముందుకు తోస్తుంది. పిడి చుట్టుకొలత విషయంలో టెన్నిస్ నుంచి వచ్చినవారు పొరబడుతుంటారు. రాకెట్‌బాల్‌లో మణికట్టు విసురు ముఖ్యం కనుక చిన్న పిడి వాడేవారే ఎక్కువ. ఇక బంతులు గాలి ఒత్తిడి తగ్గి మెల్లగా చచ్చుబడతాయి, కొన్ని అతుకు దగ్గర పగిలిపోతాయి. 100 అంగుళాల ఎత్తు నుంచి వదిలితే 68 నుంచి 72 అంగుళాల వరకు లేవాలన్నది నిబంధన. క్లబ్బు సంచిలో పోగైన పాత బంతులను ఆ లెక్కన ఒకసారి వడకట్టి, లేవనివాటిని తీసేయాలి. చచ్చిన బంతితో నేర్చుకున్నవారికి ఆట వేగమే తెలియదు.

ఇప్పుడు మొదటి సాయంత్రం సంగతికి వస్తాను. క్లబ్బు నిలుస్తుందా లేదా అన్నది నా ఉద్దేశంలో ఆ సాయంత్రమే సగం తేలిపోతుంది. కొత్తగా వచ్చినవారిని బాగా ఆడేవారితో ఆటకు దించితే పాపం వాళ్ళు సర్వ్ అందుకోవడానికే సరిపోతుంది, బంతి తాకకుండానే ఆట ముగుస్తుంది. ఆటకు ముందు నేర్పవలసింది ఒకటుంది. టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆడినవారు బంతి తమను దాటిపోతే పోయినట్టే అనుకుంటారు. ఇక్కడ దాటిపోయిన బంతి వెనుక గోడను తాకి మళ్ళీ మన దగ్గరికే వస్తుంది. మా క్లబ్బుకు వచ్చిన ఒక అమ్మాయి ప్రతి బంతినీ ఛాతీ ఎత్తులో, వెనక్కి పరుగెడుతూ, కంగారుగా కొట్టేది. మా సలహాదారు ఆమె పక్కన నిలబడి, "కొట్టకమ్మా, పోనివ్వు, దానితో పాటు నడువు" అన్నారు. బంతి నేలను తాకి, వెనుక గోడను తాకి, ముందుకు వంగి దిగుతుంటే ఆమె దానితో పాటు పక్కపక్కనే రెండడుగులు జరిగింది, మోకాలి ఎత్తుకు వచ్చేదాకా ఆగింది, అప్పుడు ఊపింది. బంతి ముందు గోడ అడుగున తగిలి, ఎగరకుండా నేల మీద దొర్లుకుంటూ తిరిగి వచ్చింది. బయట గాజు వెనుక నిలబడినవాళ్ళందరూ ఒక్కసారిగా అరిచారు. ఆ దెబ్బ ఒక్కసారి చేతికి తగిలినవారు ఈ ఆటను వదలరు. అందుకని మేము మొదటి సాయంత్రం పాయింట్లు లెక్కపెట్టము. వెనుక గోడ బంతి, సీలింగ్ షాట్, మెల్లగా ఎత్తుగా వేసే లాబ్ సర్వ్, ఈ మూడే నేర్పుతాము. దూసుకుపోయే డ్రైవ్ సర్వ్ కొన్ని వారాలు ఆగవచ్చు.

వీటితో పాటు నేర్పవలసిన నాలుగో విషయం ఊపు ఆపడం. ఎదుటివారు బంతికీ మనకూ మధ్య ఉన్నారనిపిస్తే, లేదా రాకెట్ వారికి తగులుతుందనిపిస్తే, కొట్టకుండా చేయి ఆపి "హిండర్" అని చెప్పాలి. ర్యాలీ మళ్ళీ మొదటి నుంచి ఆడతారు. మామూలు పోటీ మనస్తత్వానికి ఇది కష్టం, ఎందుకంటే గెలిచే బంతిని వదులుకున్నట్లుంటుంది. ఇక్కడ అనుభవజ్ఞులే ఆదర్శంగా నిలవాలి. బాగా ఆడేవారు అనుమానం ఉన్న ప్రతిసారీ చేయి ఆపితే కొత్తవారు ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంటారు. వాళ్ళే భుజాల మీదుగా బంతులు కొడుతూ పోతే భయపడినవారు మరోసారి రారు. తలుపు మర్యాద కూడా ఇందులో భాగమే: లోపల ర్యాలీ ఆగేదాకా వేచి, తట్టి, వారు సరేనన్నాక తెరవాలి.

ఇక తలుపు బయట నిలబడినవారి సమస్య. మామూలు ఆటలో 15 పాయింట్ల గేములు రెండు, అవసరమైతే 11 పాయింట్ల మూడో గేము ఆడతారు, సర్వ్ చేసినవారికే పాయింటు వస్తుంది. క్లబ్బు సాయంత్రం ఈ పద్ధతి పెడితే ఒక జంట ముక్కాలు గంట కోర్టును పట్టుకు కూర్చుంటుంది. అంతర్జాతీయ పోటీలలో కూడా ఇటీవల ఎవరు సర్వ్ చేసినా ర్యాలీ గెలిచినవారికి పాయింటు ఇచ్చే పద్ధతి వచ్చింది కనుక, దానినే 7 పాయింట్లకు కుదించి ఆడించవచ్చు. గెలిచినవారు కోర్టులో ఉండిపోయే పద్ధతి వద్దు. అలా చేస్తే ముగ్గురు బలవంతులు సాయంత్రమంతా లోపలే ఉంటారు. గెలిచినా ఓడినా రెండు గేముల తర్వాత బయటికి రావలసిందే. నాకు అన్నిటికంటే నచ్చినది ముగ్గురు ఆడే కట్‌త్రోట్. సర్వ్ చేసేవారు ఒంటరిగా మిగిలిన ఇద్దరితో ఆడతారు. సర్వ్ పోగానే వంతు మారి మరొకరు ఒంటరివారవుతారు. ఇద్దరు కొత్తవారిని ఒక అనుభవజ్ఞుడితో కలిపితే కొత్తవారు జంటగా ఉన్నప్పుడు ధైర్యంగా కొడతారు, ఒంటరిగా ఉన్నప్పుడు కోర్టు మధ్యభాగాన్ని ఎందుకు పట్టుకోవాలో తెలుసుకుంటారు. డబుల్స్ నలుగురికి చోటిస్తుంది నిజమే కానీ, నాలుగు రాకెట్లు ఊగే ఆ గదిలో హిండర్ చెప్పడం అలవాటు కానివారిని దించకూడదు.

బయట ఉన్నవారిని ఉట్టినే నిలబెట్టకూడదు. ఒకరు స్కోరు చెప్పాలి, ఒకరు సర్వ్ షార్ట్ లైన్ దాటిందో లేదో చూడాలి. నడవాలో కాస్త ఖాళీ గోడ ఉంటే, వ్యాయామశాలవారు ఒప్పుకుంటే, అక్కడ ఫోర్‌హ్యాండ్ ఊపు సాధన చేయించవచ్చు. స్కోరు చెప్పే బాధ్యత ఇచ్చినవారు నిబంధనలు ఎంత త్వరగా నేర్చుకుంటారో చూసి నేను ఆశ్చర్యపోయాను. సర్వ్ ముందు గోడకే మొదట తగలాలని, తర్వాత ఒక పక్క గోడను తాకవచ్చు కానీ రెండింటినీ తాకకూడదని, వెనుక గోడను చేరకముందే షార్ట్ లైన్ దాటి నేల మీద పడాలని పుస్తకం చదివి గుర్తుపెట్టుకోవడం కష్టం. పది సర్వులు చూసి తీర్పు చెప్పాక మరచిపోవడం కష్టం.

వారం మధ్యలో సభ్యులు తమంతట తాము ఆడుకోవడానికి ల్యాడర్ పెట్టాలి. పేర్లు వరుసగా రాసి, ఎవరైనా తమ పైన ఉన్న ఇద్దరిలో ఒకరిని సవాలు చేయవచ్చునని, వారం లోపల ఆడాలని, గెలిస్తే స్థానాలు మారతాయని నియమం పెడితే చాలు. దీనివల్ల మొదటి లాభం, సమానమైన బలం ఉన్నవారు ఒకరికొకరు తెలుస్తారు. రెండవ లాభం, వారమంతా కోర్టు బుకింగులలో క్లబ్బు సభ్యుల పేర్లు నిండుతాయి; ఆ పుస్తకమే రేపు కోర్టును మార్చేద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు మన తరఫున మాట్లాడుతుంది. అయితే ల్యాడర్ అడుగున ఉన్నవారిని గమనిస్తూ ఉండాలి. పై నుంచి ఎవరూ కిందికి చూడరు, కింది నుంచి అడగడానికి సిగ్గు. నెలకు ఒకసారి కార్యదర్శే చీటీలు తీసి జంటలు కలపడం అవసరం.

అమ్మాయిల సంఖ్య తక్కువగా ఉన్న క్లబ్బులలో వారికి వేరే సాయంత్రం పెట్టాలా అన్న చర్చ ప్రతిచోటా వస్తుంది. నా అభిప్రాయం ఏమిటంటే, ప్రధాన సాయంత్రం అందరిదీ కావాలి, దానికి అదనంగా వారు కోరితే వారి నాయకత్వంలోనే మరో వేళ ఉండాలి. మూసిన గదిలో, అపరిచితుడితో, తలుపు వేసుకుని ఆడే ఆట ఇది. అందులోని ఇబ్బందిని అబ్బాయిలు ఆలోచించకపోవచ్చు. ఇక్కడ కూడా గాజు గోడ కోర్టు చాలా మేలు చేస్తుంది. స్ఫూర్తికి కొరత లేదు: మెక్సికోకు చెందిన రాకెట్‌బాల్ క్రీడాకారిణి పావోలా లోంగోరియా ఆట వీడియోలు చూపిస్తే చాలు, మా క్లబ్బులో అబ్బాయిలు కూడా ఆమె బ్యాక్‌హ్యాండ్‌నే అనుకరించేవారు.

పోటీలకు వెళ్ళాలా వద్దా అన్నది రెండో సంవత్సరపు ప్రశ్న. అమెరికాలో విశ్వవిద్యాలయాల రాకెట్‌బాల్, అక్కడి కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంఘం పరిధిలోకి రాదు. క్లబ్బు జట్లే జాతీయ అంతర్ కళాశాలల పోటీలలో తలపడతాయి. ఆ పోటీల ఏర్పాటులో నాకు ఎంతో నచ్చిన అంశం ఉంది. జట్టులోని ఆటగాళ్ళను బలాన్ని బట్టి వరుస విభాగాలలో దించుతారు, అన్ని విభాగాల పాయింట్లూ జట్టు మొత్తానికి కలుస్తాయి. అంటే నిరుడు రాకెట్ పట్టుకున్నవారు కింది విభాగంలో గెలిచిన ఆట కూడా జట్టును పైకి తీసుకువెళ్తుంది. పొరుగు విశ్వవిద్యాలయంతో స్నేహపూర్వక పోటీ పెట్టేవారు కూడా ఇదే పద్ధతిని అనుసరిస్తే, ఒకరిద్దరు మేటి ఆటగాళ్ళ మీద ఆధారపడకుండా కొత్తవారిని పెంచడం మీద క్లబ్బు దృష్టి నిలుస్తుంది.

విద్యార్థి క్లబ్బులు ఎక్కువగా ఆగిపోయేది స్థాపకులు పట్టా పుచ్చుకుని వెళ్ళిన ఏడాదే. అందుకే మేము పదవుల ఎన్నికను విద్యా సంవత్సరం చివర కాక మధ్యలోనే పెట్టి, కొత్తగా ఎన్నికైనవారు పాతవారి పక్కనే ఉండి సగం ఏడాది పనిచేసేలా నియమావళిలో రాసుకున్నాము. కోర్టు బుకింగ్ ఏ నెలలో ఎవరి దగ్గర చేయించాలి, అద్దాలు, రాకెట్లు ఎన్ని ఉన్నాయి, తీగలు తెగిన రాకెట్లు ఏవి, గుర్తింపు పునరుద్ధరణకు చివరి తేదీ ఏది అన్నవన్నీ ఒకే పుస్తకంలో రాసి, సామాను అలమారా తాళం చెవితో పాటు అప్పగించాలి. కార్యదర్శి పదవికి మాత్రం మొదటి ఏడాదిలోనో రెండో ఏడాదిలోనో ఉన్నవారినే ఎన్నుకోవాలి, వాళ్ళు అప్పుడప్పుడే సర్వ్ నేర్చుకుంటున్నా సరే.